పద్దు ఎవరి చేతిలో?

పేదరికం, వలస, శరణార్థుల అవసరాల కోసం కాథలిక్ విశ్వవిద్యాలయాలు, కళాశాలలు నడిపే విభాగానికి ఒక్కోచోట ఒక్కో పేరుంటుంది. సామాజిక అధ్యయన సంస్థ అంటారు, సమాజ వైద్య శాఖ అంటారు, అభివృద్ధి కేంద్రం అంటారు. పేరేదైనా చేసే పని మూడు విధాలు. పేదరికాన్ని లెక్కగట్టి దాని కారణాలు వెతకడం మొదటిది. విద్యార్థిని తరగతి గది దాటించి పల్లెకో, బస్తీకో, శిబిరానికో పంపడం రెండోది. నేర్చిన విద్యతో అక్కడివారికి వైద్యమో, చదువో, న్యాయసలహానో నేరుగా అందించడం మూడోది.

దీని వెనక నూరేళ్ళు దాటిన ఆలోచన ఉంది. 1891లో పదమూడవ లియో పోప్ ‘రేరుం నొవారుం’ అనే లేఖలో కార్మికుడి న్యాయమైన కూలి గురించి, సంఘం పెట్టుకునే హక్కు గురించి రాశారు. 1967లో ఆరవ పౌల్ ‘పోపులోరుం ప్రోగ్రెస్సియో’ లేఖలో పేద దేశాల అభివృద్ధిని చర్చి బాధ్యతల్లో చేర్చారు. వియత్నాం నుంచి పడవలెక్కి పారిపోతున్న జనాన్ని చూసి కదిలిపోయిన జెస్యూట్ అనే కాథలిక్ సన్యాస సభ అధిపతి పెద్రో అరుపె 1980లో జెస్యూట్ శరణార్థి సేవా సంస్థను స్థాపించారు. 1990లో రెండవ జాన్ పాల్ కాథలిక్ విశ్వవిద్యాలయాల కోసం రాసిన ‘ఎక్స్ కోర్దె ఎక్లేసియె’ శాసనంలో, పరిశోధన కాలం తెచ్చిన కష్టాల వైపు కూడా తిరగాలని చెప్పారు.

ఈ ఆలోచన కర్ణాటకలోని కోలార్ జిల్లాకు బెంగళూరు మీదుగా వచ్చింది. బెంగళూరులో భారత కాథలిక్ బిషప్‌ల సమాఖ్య 1963లో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీని ప్రారంభించింది. జెస్యూట్‌ల ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడ ఉంది. 1882లో మొదలైన సెయింట్ జోసెఫ్స్ కాలేజీ 2022లో విశ్వవిద్యాలయమైంది. ఈ విద్యాలయాలకు నూరు కిలోమీటర్ల దూరంలో మూతపడ్డ బంగారు గనులు, ఎండిన చెరువులు, పాలమీద బతికే పల్లెలు ఉన్నాయి. విద్యాలయం పేదవాడికి ఏం చేయగలదు, ఏం చేయకూడదు అన్న ప్రశ్నకు కోలార్ జిల్లాను మించిన పరీక్ష దగ్గరలో దొరకదు.

ఆ ప్రశ్నను ఇక్కడ సంవాదంగా నడిపాం. పాత శాస్త్రగ్రంథాల పద్ధతిలో పూర్వపక్షం ముందు, సమాధానం తరువాత వస్తాయి. పూర్వపక్షం చెప్పేది ఒక రిటైరైన గని మేస్త్రి. ఆయన తాత చిత్తూరు వైపు నుంచి కూలికి వచ్చి, లైన్లు అని పిలిచే గని కూలీల ఇళ్ళ వరుసల్లో స్థిరపడ్డవాడు. సమాధానం చెప్పేది కాథలిక్ కాలేజీలో సమాజసేవ పాఠం చెప్పే అధ్యాపకురాలు, శిడ్లఘట్ట వైపు తెలుగింటి ఆడబిడ్డ. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్ళ వాదంలో వచ్చే ఊళ్ళు, ఏళ్ళు, సంఘటనలు నిజమైనవి.

1. పేదరికం ఎవరి బాకీ?

1802లో మైసూరు సరిహద్దు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి ఈ ప్రాంతపు పల్లెజనం మట్టి కడిగి బంగారం తీయడం చూశాడు. 1873లో మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ గని తవ్వకానికి మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి అడిగాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగింది. చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ, మైసూరు అనే గనులు కిలోమీటర్ల లోతుకు దిగాయి. అన్నిటికన్నా లోతైనది 3 కిలోమీటర్లు దాటింది. అంత అడుగున బండ వేడి 60 డిగ్రీలు మించేది. 1902లో శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది దాని తరువాత మూడేళ్ళకు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. టన్ను రాతికి దొరికే బంగారం తగ్గిపోయి, తీసే ఖర్చు దొరికే విలువను మించాక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

మేస్త్రి: “అమ్మా, ఇక్కడి పేదరికం వాన పడక వచ్చింది కాదు. ఈ నేల 120 ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చింది. దాన్ని తీసినవాళ్ళు ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళలో ఎక్కువమంది దళితులు. ఉన్న ఇల్లు కంపెనీది, తాగిన నీళ్ళు కంపెనీవి, ఆస్పత్రి కంపెనీది. గని మూసిన రోజు అన్నీ ఒక్కసారే పోయాయి. ఇది బాకీ. బాకీ పడ్డది కంపెనీ, ఆ తరువాత సర్కారు. మధ్యలో ఒక కాలేజీ వచ్చి సాయం చేస్తున్నామంటే బాకీదారుడు పక్కకు తప్పుకుంటాడు. అందుకే నాకు ఈ సంస్థల మీద గురి లేదు.”

అధ్యాపకురాలు: “బాకీ అన్న మాటను నేను కాదనను, పెద్దనాయనా. కూలికి న్యాయమైన ధర కట్టాలని 1891 నాటి లేఖ కూడా చెప్పింది. దానధర్మంతో సరిపెట్టమని చెప్పలేదు. కానీ బాకీ వసూలు చేయాలంటే పత్రం కావాలి. ఎవరు ఏ షాఫ్టులో ఎన్నేళ్ళు దిగారు, ఎవరి ఊపిరితిత్తులు ఎంత చెడ్డాయి, ఏ ఇంటికి ఎంత రావాలి? కోర్టుకైనా, సర్కారుకైనా ముందు చూపాల్సింది ఆ కాగితమే. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి దాన్ని ఒంటరిగా తయారు చేసుకోలేడు. విద్యాలయం చేయగల మొదటి పని అది. సర్కారు పనిని అది నెత్తిన వేసుకోనక్కర్లేదు. సర్కారు తన పని తప్పించుకోకుండా ఆధారం నిలబెడితే చాలు.”

మేస్త్రి: “ఆధారమంటే మళ్ళీ పద్దే. పద్దు సంగతి ఈ ఊరికి బాగా తెలుసు.”

2. గనిలోకి దిగిన చదువు

మేస్త్రి మాటకు చరిత్రలో ఆధారం ఉంది. 1930లో గని కంపెనీలు కూలీల వేలిముద్రలు తీసి నమోదు చేసే పద్ధతి పెట్టాయి. ఒక గనిలో పని పోయినవాడు ఇంకో గనిలో వేరే పేరుతో చేరకుండా అది అడ్డుకుంటుందని, తమను నేరస్థుల్లా చూస్తున్నారని కూలీలు భావించారు. అన్ని గనుల్లోనూ పని ఆగింది. సమ్మె మూడు వారాలు సాగింది.

మేస్త్రి: “మా తాతలు కూలి కోసం, రాళ్ళు మీద పడకుండా ఉండటం కోసం ఎన్నోసార్లు అడిగారు. కానీ వాళ్ళంతా ఒక్కటై గనులన్నీ ఆపింది ఒక పద్దు మీద. ఎందుకంటే ఆ పద్దు వాళ్ళ గురించి, కానీ వాళ్ళది కాదు. ఇంకో మాట చెప్తా. మా గనిలోకి పెద్ద చదువులవాళ్ళు దిగలేదా? దిగారు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లు దాటిన లోతున బొంబాయి టాటా సంస్థవాళ్ళు, జపాన్ ఒసాకావాళ్ళు, ఇంగ్లండ్ డర్హంవాళ్ళు యంత్రాలు పెట్టి, ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినో అనే కంటికి కనబడని కణాన్ని పట్టుకున్నారు. లోకంలో అలా పట్టుకున్న మొదటివాళ్ళలో వాళ్ళున్నారు. అది గొప్ప పనే, నేను తక్కువ చేయను. కానీ ఆ కణాన్ని పట్టుకోవడానికి వాళ్ళు దిగిన కేజ్‌లోనే మేమూ దిగాం. మా గుండెలో చేరిన దుమ్మును అంత శ్రద్ధగా లెక్కపెట్టినవాళ్ళు ఎందరు?”

దుమ్ము సంగతి వివరంగా చెప్పుకోవాలి. కోలార్ బంగారం పలుగురాతి పొరల్లో ఉంటుంది. డ్రిల్లు తిరిగినప్పుడు, మందు పేలినప్పుడు, రాయి నలిగినప్పుడు పలుగురాయి కంటికి ఆనని పొడిగా మారి గాలిలో నిలుస్తుంది. ఊపిరితో లోపలికి పోయిన ఆ పొడి బయటికి రాదు. అది చేరిన చోట ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తరువాత నాలుగడుగులు వేస్తే ఆయాసం, చివరికి కూర్చున్నా ఆయాసం. పైగా క్షయ సులభంగా పట్టుకుంటుంది. ఈ జబ్బే సిలికోసిస్. చెడ్డ భాగాన్ని బాగుచేసే మందు లేదు. భారతదేశంలో సిలికోసిస్ మొదట నమోదైంది కోలార్ బంగారు గనుల నుంచే అని, అది 1947లో అని వైద్యవిద్యార్థుల పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అధ్యాపకురాలు: “మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ నా వాదాన్నే బలపరుస్తున్నాయి. న్యూట్రినోను పట్టుకున్నది ఓపిక. ఏళ్ళ తరబడి ఒకేచోట కూర్చుని కొలిచిన ఓపిక. ఆ ఓపిక విద్యాలయాల దగ్గర ఉంది. దాన్ని దుమ్ము మీద పెట్టమనడమే కదా మీ కోరిక? సిలికోసిస్ పని మానేసిన పది ఇరవై ఏళ్ళకు కూడా బయటపడుతుంది. గని 2001లో మూతపడితే జబ్బు అప్పుడే మూతపడదు. అప్పటికి కంపెనీ ఆస్పత్రి లేదు, కంపెనీ రిజిస్టరు దొరకదు. ఊళ్ళో దగ్గు అంటే క్షయ అనుకుని మందిస్తారు. పని చరిత్ర అడిగి, ఎక్స్‌రే తీసి, రెండూ కలిపి చదివే మనిషి కావాలి.”

మేస్త్రి: “చదివాక ఆ కాగితం ఎక్కడికి పోతుంది?”

అధ్యాపకురాలు: “ఇప్పటి అలవాటు ప్రకారం పత్రికలో వ్యాసమవుతుంది, లైబ్రరీలో నివేదికవుతుంది.”

మేస్త్రి: “మా ఇంటికి రాదు.”

అధ్యాపకురాలు: “చాలాసార్లు రాదు. ఈ తప్పు ఒప్పుకోవాల్సిందే.”

3. మళ్ళూరు పాలపైసలు

విద్యాలయం పెట్టిన పద్దు ఊరి చేతిలోనే ఉండటం సాధ్యమా? పాత కోలార్ జిల్లాలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. శిడ్లఘట్ట తాలూకా మళ్ళూరు అప్పట్లో కోలార్ జిల్లాలో ఉండేది. 2007లో జిల్లా విడిపోయాక చిక్కబళ్ళాపురంలోకి వెళ్ళింది. ఇది పట్టుపురుగులు, పాడి మీద నడిచే ప్రాంతం. 1973లో ఇక్కడ పాల ఉత్పత్తిదారుల సంఘం, బెంగళూరు డెయిరీ, సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ సమాజ వైద్య శాఖ కలిసి మళ్ళూరు ఆరోగ్య సహకార సంఘాన్ని ప్రారంభించాయి.

దాని నడక తేలిగ్గానే అర్థమవుతుంది. పల్లెలో ఆడవాళ్ళు, మగవాళ్ళు పొద్దునా సాయంత్రం క్యాన్లు పట్టుకుని డెయిరీకి పాలు పోస్తారు. గుమాస్తా పాలు కొలుస్తాడు, చిన్న గిన్నెలో మచ్చు తీసి వెన్న శాతం చూస్తాడు, ఎవరి పేరు మీద ఎన్ని లీటర్లో పుస్తకంలో ఎక్కిస్తాడు. పోసినవారి దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం ఉంటుంది, అందులోనూ అదే అంకె పడుతుంది. మళ్ళూరులో లీటరుకు కొన్ని పైసలు ఆరోగ్యం పద్దులోకి మళ్ళించారు. ఆ పైసలతో ఊళ్ళోనే డాక్టరు, నర్సు ఉండే కేంద్రం నడిచింది. మెడికల్ కాలేజీ విద్యార్థులు శిక్షణకు అక్కడికి వచ్చారు. జబ్బు చేసినప్పుడు చేతిలో డబ్బు లేకపోయినా పాలు పోసిన ఇంటికి వైద్యం అందే ఏర్పాటు అది. భారతదేశంలో జనమే ముందుగా సొమ్ము జమచేసి నడుపుకున్న ఆరోగ్య పథకాల తొలి ఉదాహరణల్లో దాన్ని చెబుతారు.

అధ్యాపకురాలు: “ఇందులో గమనించాల్సింది పైసల మొత్తం కాదు, పెద్దనాయనా. పైసలు చాలా కొద్ది. కానీ ఆ కొద్దితోనే ఊరికి అడిగే హక్కు వచ్చింది. డాక్టరు రాని రోజు ‘ఎందుకు రాలేదు’ అని అడగడానికి ధర్మాస్పత్రిలో పేదవాడు జంకుతాడు. తన పాలపైసలతో నడిచే చోట జంకడు. కాలేజీ తెచ్చింది విద్య, ఊరు తెచ్చింది సొమ్ము, సంఘం తెచ్చింది లెక్క. ముగ్గురిలో ఎవరు లేకపోయినా పని సాగదు. పేదరికం మీద పనిచేసే ఏ విద్యాలయానికైనా నేను చూపే నమూనా ఇదే.”

మేస్త్రి: “బాగానే ఉంది. కానీ పాలు పోయాలంటే ఆవుండాలి. ఆవును మేపాలంటే గట్టో, పొలమో ఉండాలి. ఏమీ లేని కూలివాడి మాటేమిటి? మళ్ళూరులో ఒక పంట ఉంది, ఒక సంఘం ఉంది. మా లైన్లలో ఏముంది? తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు కూలికిపోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే జనం. వాళ్ళ పైసలు ఏ క్యానులో కొలుస్తారు?”

అధ్యాపకురాలు: “ఇది గట్టి ప్రశ్న. పాల సంఘం మీద కట్టిన ఏ పథకానికైనా ఈ హద్దు ఉంటుంది. ఆవు లేని ఇంటిని అది దానంతటది కలుపుకోదు, పనిగట్టుకుని కలపాలి. కోలార్ జిల్లాలో శాశ్వతంగా పారే నది లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని ఊళ్ళున్నాయి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇక్కడి చెరువులకు పంపుతున్నారు. ఇలాంటి చోట పాడి ఉన్నవాడికి లేనివాడికి తేడా పెద్దది. కాబట్టి మళ్ళూరును ఉన్నది ఉన్నట్టు గనులకు తీసుకుపోలేం. దాని సూత్రాన్ని తీసుకుపోవచ్చు. జనానికి ముందునుంచీ ఉన్న సంఘంతో మొదలుపెట్టాలి, కొత్తది కట్టకూడదు. గనుల్లో ఆ సంఘం కార్మిక సంఘమే. ఒకే షాఫ్టులో దిగినవాళ్ళు, ఒకే లైనులో ఉన్నవాళ్ళు ఇంకా ఒకరినొకరు ఎరుగుదురు. పని చరిత్ర రాయాలంటే అంతకన్నా నమ్మకమైన సాక్షులు లేరు.”

మేస్త్రి ఈ మాటను ఒప్పుకున్నాడు. షాఫ్టు పేరు, పనిలో చేరిన ఏడు, డ్రిల్లు పట్టాడా లేక ట్రాలీ తోశాడా అన్న సంగతి రిజిస్టరు పోయినా పక్కింటివాడికి గుర్తుంటుందని చెప్పాడు.

4. మతం, కులం

మేస్త్రి: “ఇక నిజంగా అడగాల్సిన మాట. ఇవి మతసంస్థలు. సేవ వెనక మతం పెంచుకునే ఆలోచన ఉందని ఊళ్ళో అనేవాళ్ళున్నారు. సీట్లు ముందు తమవాళ్ళకే అంటారు. లోపల కులం లేదా? మా లైన్లలో గుడికి పోయేవాడు, చర్చికి పోయేవాడు ఒకే కేజ్‌లో కిందికి దిగారు. పైకి వచ్చాక మాత్రం ఎవరి వీధి వాళ్ళదే.”

ఈ ప్రశ్నకు చట్టం వైపు నుంచి ఒక సమాధానం ఉంది. మతపరమైన అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. తమవారికి కొన్ని సీట్లు కేటాయించడం ఆ హక్కులో భాగంగా నడుస్తోంది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు 2010 నాటి చట్టం కింద కేంద్రానికి లెక్క చెప్పాలి. 2020 సవరణ ఆ నియమాలను ఇంకా బిగించింది.

అధ్యాపకురాలు: “చట్టం చెప్పే సమాధానం చాలదని నాకు తెలుసు. పనిని బట్టే చూడాలి. మళ్ళూరు పాలకేంద్రంలో క్యాను దించినవాడి మతం ఎవరూ రాయలేదు, లీటర్లే రాశారు. సెయింట్ జాన్స్‌లో చదివినవారు డాక్టరయ్యాక వైద్యం అందని చోట నిర్ణీత కాలం పనిచేయాలన్న ఒప్పందం ఉంది. ఆ చోట్ల రోగులు అన్ని మతాలవాళ్ళూ. కులం సంగతి వేరు. అక్కడ నేను తల వంచాలి. క్రైస్తవుడైన దళితుడికి 1950 నాటి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులం హోదా ఇవ్వలేదు. చర్చి లోపలా అతనికి సమానమైన చోటు చాలాచోట్ల దొరకలేదు. బయట పేదరికాన్ని చదివే సంస్థ ముందు తన ఆవరణలో ఎవరు ఊడుస్తున్నారో, ఎవరు పాఠం చెబుతున్నారో చూసుకోవాలి.”

మేస్త్రి: “గనులు మూసిన తరువాత ఇక్కడి లైన్లలో చేత్తో మలం ఎత్తే పని ఎవరి మీద పడిందో చూస్తే మీ మాట ఇంకా అర్థమవుతుంది. దేశమంతా ఆ పని లేదని చెప్పుకుంటున్న రోజుల్లో ఇక్కడ మనుషులు గుంతల్లో దిగారు.”

అధ్యాపకురాలు: “అందుకే పేదరికం అధ్యయనం ఆదాయం ఎంత అని అడిగి ఆగకూడదు. ఏ పని ఎవరి మీద పడుతోంది, ఎవరు వద్దనలేకపోతున్నారు అన్నది కూడా అడగాలి.”

5. దూరపు శరణార్థి, దగ్గరి పేద

శరణార్థి అన్న మాటకు అంతర్జాతీయ చట్టంలో నిర్దిష్టమైన అర్థం ఉంది. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం వల్ల హింసకు గురవుతానన్న భయంతో దేశం దాటినవాడు శరణార్థి. 1951 నాటి ఒప్పందం ఈ నిర్వచనం ఇచ్చింది. భారతదేశం దానిపై సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అయినా 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుమారు కోటిమందికి చోటిచ్చింది. 1983 హింస తరువాత శ్రీలంక నుంచి వచ్చిన తమిళులకు తమిళనాడులో శిబిరాలు పెట్టింది. జెస్యూట్ శరణార్థి సేవా సంస్థ ఆ శిబిరాల్లో పిల్లల కోసం సాయంత్రపు చదువు కేంద్రాలు నడిపింది.

మేస్త్రి: “ఇక్కడే నాకు మింగుడుపడదు. ఎక్కడో దేశం దాటి వచ్చినవాడి కోసం సంస్థలు, సభలు, నిధులు ఉన్నాయి. ఇక్కడ మూడు తరాలు నేల కింద బతికి, పైన నేల మీద హక్కు లేక నిలబడ్డవాడికి ఆ పేరు లేదు. పేరు లేనివాడికి నిధి లేదు. ఇంట్లో దీపం పెట్టకుండా వీధిలో పెట్టినట్టు కాదా?”

అధ్యాపకురాలు: “పేరు ఇద్దరికీ ఒకటి కాదు, కాకూడదు కూడా. శరణార్థి తిరిగి వెళ్ళలేడు. వెనక్కి పంపితే ప్రాణం పోవచ్చు. గని కార్మికుడికి దేశం ఉంది, ఓటు ఉంది, కోర్టు ఉంది. వాటిని వాడుకునే బలం లేదు. ఇద్దరినీ ఒకే మాట కింద వేస్తే ఇద్దరికీ నష్టం. కానీ తెలుగువాళ్ళం ఈ అనుభవానికి కొత్త కాదు. రంగూన్ రేవులో, మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీలను కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అనేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు, అడవుల్లో నడిచి వచ్చినవాళ్ళలో ఎందరో దారిలోనే పోయారు. బర్మా నుంచి తిరిగివచ్చినవారి గుర్తుగా విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. కూలికి వెళ్ళినవాడు ఒక్క రాత్రిలో శరణార్థి కావడం మన ఇళ్ళలోనే జరిగింది.”

మేస్త్రి: “అయితే ఇద్దరికీ కలిసేది ఏమిటి?”

అధ్యాపకురాలు: “మీరు మొదట్లో చెప్పిన పద్దే. 1930లో ఇక్కడ వేలిముద్రల మీద సమ్మె జరిగింది. 2018లో బంగ్లాదేశ్ శిబిరాల్లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు కొత్త గుర్తింపు కార్డుల మీద నిరసన తెలిపారు. తమ వివరాలు ఎవరి చేతికి పోతాయో, తమ జాతి పేరు కార్డులో ఎందుకు లేదో చెప్పమని అడిగారు. మధ్యలో 88 ఏళ్ళు. అడిగిన ప్రశ్న ఒక్కటే: మా గురించి రాసిన కాగితం మాకు రక్షణగా పనికొస్తుందా, మా మీద అధికారంగా పనిచేస్తుందా? శిబిరంలో పనిచేసే విద్యాలయానికి ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో, లైన్లలో పనిచేసే విద్యాలయానికీ అంతే. ఒకచోట నేర్చిన జవాబు రెండోచోట పనికొస్తుంది. అందుకే దూరపు శరణార్థి, దగ్గరి పేద ఒకే సంస్థ పరిధిలో ఉండటం న్యాయమే.”

మేస్త్రి: “నమోదు లేకపోతే రేషన్ రాదు, చికిత్స రాదు. నమోదైతే అది ఎటు పోతుందో తెలియదు. అదే అసలు చిక్కు.”

అధ్యాపకురాలు: “చిక్కు అదే. నమోదు మానేస్తే అది తీరదు. రాసిన దానిలో వాటా ఇస్తేనే తీరుతుంది.”

6. నిర్ణయం

వాదం ఇక్కడికి వచ్చేసరికి రెండు పక్షాలూ మొదట నిలబడ్డ చోట లేవు. పేదరికం బాకీ అన్న మేస్త్రి మాట నిలిచింది. ఆ బాకీని విద్యాలయం తీర్చలేదు, తీర్చినట్టు నటించకూడదు. బాకీకి ఆధారం కావాలన్న అధ్యాపకురాలి మాటా నిలిచింది. ఆధారం కట్టే ఓపిక, పరికరం, విద్య ఉన్నది విద్యాలయాల దగ్గరే. మళ్ళూరు అనుభవం ఈ రెండిటినీ కలుపుతుంది. అక్కడ విద్య బయటి నుంచి వచ్చింది, లెక్క మాత్రం ఊళ్ళోనే ఉంది.

దీని నుంచి మూడు నియమాలు తేలుతాయి. మొదటిది, రాసిన ప్రతి పద్దులో ఒక నకలు ఎవరి గురించి రాశారో వారి చేతిలో, వారు చదవగల భాషలో ఉండాలి. కోలార్ జిల్లాలో అంటే తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూల్లో ఉండాలి. రెండోది, సంస్థ తన సొంత గొడుగు తెరవకుండా అప్పటికే ఉన్న పాల సంఘంతోనో, కార్మిక సంఘంతోనో, మహిళా సంఘంతోనో కలవాలి. పని ఆపమని చెప్పే అధికారం ఆ సంఘానికి ఉండాలి. మూడోది, కాలం. సిలికోసిస్ ఇరవై ఏళ్ళకు బయటపడితే రెండేళ్ళ ప్రాజెక్టు దాన్ని చూడలేదు. న్యూట్రినో కోసం కూర్చున్నంత కాలం దుమ్ము కోసమూ కూర్చోవాలి.

ఈ నియమాలకు గనుల దగ్గర తక్షణ అవసరం ఉంది. రాయి పొడిచేసి, సైనైడ్ నీటితో బంగారం లాగేశాక మిగిలిన మెత్తటి ఇసుక ఊరి చుట్టూ దిబ్బలుగా పేరుకుంది. అది 3 కోట్ల టన్నులకు పైమాటే. ఎండాకాలం గాలి లేస్తే ఆ బూడిదరంగు పొడి ఆరేసిన బట్టల మీద, మూత తీసిన బిందెలో, పిల్లల పుస్తకాల మీద పరుచుకుంటుంది. వేలితో రాస్తే గీత పడుతుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్ళీ తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. దిబ్బలు కదిలితే దుమ్ము లేస్తుంది. పని ఎవరికి, లాభం ఎవరికి, గాలి ఎలా ఉంది అన్న లెక్కలు పని మొదలవకముందే రాయాలి. మొదలయ్యాక రాస్తే పోల్చడానికి పాత లెక్క ఉండదు.

బెంగళూరు కాలేజీల్లో చదువుకుంటున్న కోలార్ పిల్లలు ఈ పనికి ఎవరి పిలుపు కోసమూ ఆగనక్కర్లేదు. పక్క వీధిలోని ఒక పాత గని కార్మికుడి దగ్గర ఒక పూట కూర్చుంటే చాలు. ఏ షాఫ్టు, ఎన్నేళ్ళు, డ్రిల్లు పట్టాడా, దగ్గు ఏ ఏడు మొదలైంది అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి, ఆయనకు చదివి వినిపించి, తప్పులు దిద్దించి, ఇద్దరూ సంతకం చేయాలి. ఒక కాగితం కాలేజీకి తీసుకుపోవాలి. రెండోది ఆ ఇంట్లోనే ఉంచి రావాలి.